ఏ పేరు ఏ కాగితమెక్కుతుంది: సీమ ఠాణాల్లో సమానత

చట్టం ముందు అందరూ సమానులేనన్న రాజ్యాంగం 14వ అధికరణానికి మొదటి పరీక్ష పోలీస్ స్టేషన్ గడప దగ్గర ఎదురవుతుంది. కోర్టు మాట చాలా తర్వాత. ఫిర్యాదు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి రాసుకుంటారా, రేపు రమ్మంటారా? కేసు కడితే ఏ సెక్షన్ల కింద కడతారు? ఎవరిని రాత్రికి రాత్రి లాక్కొస్తారు, ఎవరికి నోటీసిచ్చి ఇంటికి పంపుతారు? ఇవన్నీ రైటరు బల్ల దగ్గరా ఎస్సై గదిలోనూ తేలిపోతాయి. అక్కడ రాసిన కాగితమే తర్వాత వచ్చే పై అధికారికీ, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కూ, జడ్జికీ ఆధారం. రాయనిది వాళ్ళ దాకా పోదు. రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ సమానత ప్రశ్నను రెండు చిన్న ప్రశ్నలుగా విడదీసి చూడవచ్చు. ఏ పేరు ఏ కాగితమెక్కుతుంది? తప్పుడు కాగితం పుడితే దాన్ని సరిచేయించుకోవడానికి మనిషి ఎంత దూరం పోవాలి?

1800లో నిజాం ఈ ప్రాంతం ఉన్న దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించే నాటికి ఇక్కడ రక్షణ అనేది డబ్బిచ్చి కొనుక్కునే సరుకు. పల్లెకు తలారి ఉండేవాడు. దొంగతనం జరిగితే సొత్తు రాబట్టాలి, లేదా నష్టం కట్టుకోవాలి. తలారుల మీద పాలెగాడు ఉండేవాడు, ఊళ్ళ నుంచీ బాటసారుల నుంచీ కావలి రుసుం వసూలు చేసేవాడు. రుసుం కట్టిన ఊరికి కావలి, కట్టని ఊరికి కొల్ల. 1800 నుంచి 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉన్న థామస్ మన్రో దాదాపు 80 మంది పాలెగాళ్ళను లొంగదీసి, కొందరికి పింఛన్లు పెట్టి, కావలి హక్కులు తీసేశాడు. అప్పటికి కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వెనుక ఈ పింఛన్ల, మాన్యాల తగాదా ఉంది. పాలెగాడు పోయాడు గానీ, రక్షణ కావాలంటే ఒక పెద్దమనిషి నీడన ఉండాలన్న లెక్క జనం మనసులో నుంచి పోలేదు. ఆ లెక్క నిలిచిపోవడానికి కంపెనీ చట్టాలూ చాలినంత సాయం చేశాయి.

1816లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన 11వ రెగ్యులేషన్ గ్రామ పెద్దలకు పోలీసు అధికారం ఇచ్చింది. చిన్న తగాదాల్లో, తిట్లూ కొట్లాటల్లో దోషిని చావడిలో కొన్ని గంటలు నిర్బంధించవచ్చు. దోషి కింది కులాల వాడైతే ఆరు గంటల దాకా బొండకొయ్యలో కాళ్ళు బిగించి కూర్చోబెట్టవచ్చు. ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేరు శిక్ష! ఇది ఊరి ఆచారంగా మిగిలిన సంగతి కాదు, చట్టంలోనే అచ్చు వేసిన సంగతి. ఆ అధికారం చేతబట్టిన మునసబు పదవి వంశపారంపర్యంగా, ఎక్కువగా ఊళ్ళో భూమి ఉన్న కులం చేతిలోనే నడిచింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసేదాకా పోలీసులు ఊరిని చూసిన కళ్ళు మునసబు, కరణం, తలారులవే. ఊళ్ళో మంచివాడెవడు, పోకిరి ఎవడు అన్నది వాళ్ళు చెప్పినట్టే స్టేషన్ రికార్డుల్లోకి ఎక్కింది.

పందొమ్మిదో శతాబ్దంలో పోలీసు, శిస్తు అధికారుల దౌర్జన్యంపై జరిగిన పెద్ద విచారణ 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమిషన్. శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ రైతులను, కూలీలను హింసించడం ప్రెసిడెన్సీ అంతటా మామూలేనని ఆ కమిషన్ తేల్చింది. వేళ్ళను కిట్టిలో పెట్టి నొక్కడం, మెడను కాలి వేళ్ళకు కట్టి వంచి ఎండలో నిలబెట్టడం లాంటి పద్ధతులను నమోదు చేసింది. ఆ నివేదికలో ఈనాటికీ బరువు తగ్గని మాట మరొకటుంది. దెబ్బలు తిన్నవాడికి మొర చెప్పుకునే చోటు అందుబాటులో లేకపోవడం కమిషన్‌ను కలచివేసింది. శిస్తు వసూలు చేసేవాడే పోలీసు, అతనే మేజిస్ట్రేటు. అతన్ని దాటి పోవాలంటే రోజుల తరబడి నడక, చేతిలో చిల్లర, ఇంటి దగ్గర ఆగిపోయే సేద్యం. ఆ తర్వాతే 1859లో 24వ చట్టం ద్వారా మద్రాసులో శిస్తు శాఖ నుంచి విడదీసిన పోలీసు దళం ఏర్పడింది. 1861లో పోలీసు చట్టం వచ్చింది.

మనిషి చేసిన పనిని పక్కనబెట్టి పుట్టుకనే నేరంగా రాసుకున్న కాలం దీని తర్వాత వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. కోస్తా నుంచి ఉప్పు, మెట్ట నుంచి ధాన్యం గాడిదల మీద మోసి బతికిన ఎరుకల కుటుంబాలు రైళ్ళు వచ్చాక, ఉప్పు మీద ప్రభుత్వ పట్టు బిగిశాక బతుకుదెరువు పోగొట్టుకున్నాయి. బతుకు పోయిన తెగను చట్టం దొంగల తెగగా ప్రకటించింది. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే అనుమతి చీటీలు వచ్చాయి. కోస్తాలో స్టూవర్టుపురం, ఇటు కర్నూలు జిల్లాలో సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లలో కుటుంబాలకు కుటుంబాలను ఉంచారు. పసిపిల్ల పేరు కూడా ఆ జాబితా నీడలోనే పుట్టేది. మద్రాసు ప్రభుత్వం 1947లో, కేంద్రం 1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని ఎత్తేశాయి. ఎత్తేసినా దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1962 నాటిది. తెగ పేరు పోయి మనిషి పేరు వచ్చింది. అయితే చోరీ జరిగిన రాత్రి జీపు ముందుగా ఏ కాలనీకి పోవాలన్న అలవాటు అంత తేలిగ్గా మారలేదు.

జైళ్ళలో కుల వివక్షపై సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న ఇచ్చిన తీర్పు ఈ చరిత్రనంతా తిరగదోడింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని, కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు చెల్లవని, ఒకప్పుడు నేరస్థ తెగలన్న ముద్ర పడిన విముక్త జాతుల వాళ్ళను ఇష్టానుసారం అరెస్టు చేయరాదని చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ళకు ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే పాత జాబితా ఎంత లోతున నిలిచి ఉందో తెలుస్తుంది.

ఈనాడు సీమ స్టేషన్లలో మనిషిని పట్టి ఉంచే కాగితాలు ముఖ్యంగా రెండు: రౌడీ షీటు, బైండోవరు. రౌడీ షీటు చట్టసభ చేసిన చట్టం నుంచి రాలేదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల నుంచి వచ్చింది. షీటు తెరిచాక ఆదివారం కౌన్సెలింగ్‌కు పిలవడం, ఫొటోలు తీయడం, రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు తట్టడం మామూలవుతుంది. కేసు కొట్టేశాక కూడా షీటు మూయించుకోవడానికి తిరగాల్సింది మనిషే. చట్టం అండలేని ఇలాంటి నిఘా వ్యక్తి గోప్యతను భంగపరుస్తుందని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అప్పీలులో పోలీసులకు కొంత సడలింపు దొరికింది. బైండోవరు సంగతి వేరు. శాంతిభద్రతలకు భంగం కలగకుండా మంచి నడవడికకు పూచీ రాయించుకునే ఈ అధికారం పూర్వపు నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 107, 110 సెక్షన్లలో ఉండేది, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 126, 129 సెక్షన్లలో ఉంది. తహసీల్దారు ముందు జరిగే ఈ తంతు ఎన్నికలు దగ్గరపడే కొద్దీ ఊపందుకుంటుంది. జామీనుదార్లు దొరికే పెద్ద రైతుకు ఇది ఒక పూట పని. పూచీ పడే పట్టా భూమి చుట్టుపక్కల ఎవరికీ లేని కూలీకి ఇదే జైలు దారి. చట్టంలోని అక్షరాలు ఇద్దరికీ ఒకటే, ఫలితం మాత్రం ఎకరాలను బట్టి మారిపోతుంది.

ముఠా కక్షల కాలం ఈ రెండు జిల్లాల పోలీసుకు ప్రత్యేకమైన వ్యాకరణం నేర్పింది. ఫ్యాక్షన్‌ను కరువు నేల పౌరుషంగా చూపించడం సినిమాలకు సులువు. పౌరహక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ లాంటివాళ్ళు దాని వెనకున్న లెక్కలు విప్పారు. పనుల కాంట్రాక్టులు, సారా పాటలు, మంగంపేట ముగ్గురాయి గనుల మీద పట్టు, ఆ పట్టుతో వచ్చే రాజకీయ పదవి, ఆ పదవితో స్టేషన్ మీద పట్టు. ఊళ్ళో హత్య జరిగితే ఫిర్యాదులో నిజంగా కొట్టినవాళ్ళ పేర్లతో పాటు ఎదుటి వర్గంలో చదువుకున్న కొడుకు పేరు, ఉద్యోగం చేసే తమ్ముడి పేరు ఎక్కించడం ఒక పద్ధతిగా స్థిరపడింది. వాళ్ళు జైల్లో ఉంటే ఎదుటి ఇల్లు నిలవదు. ఎదుటి పక్షం వెంటనే కౌంటరు కేసు పెడుతుంది. రెండు కేసులూ కట్టేసి, రెండు వైపులా ముద్దాయిలను సమానంగా పట్టుకొస్తే పోలీసులు నిష్పక్షపాతంగా ఉన్నట్టు పైకి కనిపిస్తుంది. దెబ్బ తిన్నవాడినీ కొట్టినవాడినీ ఒకే గాటన కట్టే ఈ సమానత చివరికి రాజీకి దారితీస్తుంది. సాక్షులు అడ్డం తిరుగుతారు, కేసులు వీగిపోతాయి. మిగిలేది ఏ వర్గంలోనూ లేని, ఇద్దరి మధ్యా నలిగిన కుటుంబాల గోడు.

పులివెందుల చుట్టుపక్కల రాత్రికి రాత్రి చీనీ తోటలు నరికేయడం ఈ కక్షలకు గుర్తుగా నిలిచిపోయింది. బోరు మీద బోరు వేసి, అప్పు తెచ్చి, ఏళ్ళ తరబడి సాకి కాపుకు తెచ్చిన తోట ఒక్క రాత్రిలో నేల కూలుతుంది. చట్టం దీన్ని ఆస్తికి నష్టం కలిగించిన నేరంగా చూస్తుంది. కడప జిల్లా మెట్ట రైతుకు ఇది ఆస్తి నష్టమొకటే కాదు, తిరిగి లేచే అవకాశాన్నే తుంచేయడం. ఆ తేడాను ఎఫ్‌ఐఆర్‌లో పట్టుకునేలా రాయాలంటే రాసే చేతికి సేద్యం తెలియాలి, ఫిర్యాదుదారు మాట పూర్తిగా వినే ఓపిక ఉండాలి.

వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగిందని సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహిత 173వ సెక్షన్ ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చంటుంది. ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లో సంతకం పెడితే చాలంటుంది. అదే సెక్షన్‌లో ఇంకో వాక్యముంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపవచ్చు. పలుకుబడి ఉన్న ప్రతివాదికి 14 రోజులు చాలా ఎక్కువ సమయం. ఊరి పెద్దల పంచాయితీ, స్టేషన్‌లో సెటిల్‌మెంటు, కూలి బాకీ గుర్తుచేయడం, అన్నీ ఆ రెండు వారాల్లోనే అయిపోగలవు.

దళితుల విషయంలో ఈ ఆలస్యం ప్రాణాంతకమని రాష్ట్రం చాలాసార్లు చూసింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఊచకోతల తర్వాత 1998 జులైలో కర్నూలు జిల్లా పాములపాడు మండలం వెంపెంటలో తొమ్మిది మంది దళితులను బలితీసుకున్నారు. అప్పటికే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అమల్లో ఉంది. విధుల్లో నిర్లక్ష్యం చేసిన అధికారిని శిక్షించే 4వ సెక్షన్, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలన్న 1995 నిబంధన కూడా ఉన్నాయి. రాష్ట్రంలో అంటరానితనంపై విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ సిఫార్సుల నుంచే ఎస్సీ, ఎస్టీ కమిషన్ పుట్టింది. ప్రతి నెలా 30న తహసీల్దారు, ఎస్సై కలిసి పల్లెలో పౌరహక్కుల దినం జరపాలన్న ఆదేశమూ ఉంది. జరిపిన చోట దళితవాడలో ఎస్సై కూర్చుని మాట విన్న ఆ ఒక్క గంట విలువైనదే. కష్టం మళ్ళీ కాగితం దగ్గరే వస్తుంది. అట్రాసిటీ కేసు పెట్టినవాడి మీద మర్నాటికి దొంగతనం కేసో, మహిళను తిట్టిన కేసో కౌంటరుగా దిగుతుంది. 4వ సెక్షన్ కింద అధికారి మీద కేసు నడవడం మాత్రం అరుదు.

2020 నవంబరులో, అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉన్న నంద్యాలకు చెందిన ఒక ముస్లిం ఆటో డ్రైవరు భార్యనూ, ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని పాణ్యం దగ్గర రైలు పట్టాల మీద ప్రాణం తీసుకున్నాడు. అంతకుముందు అతను పనిచేసిన బంగారం దుకాణంలో చోరీ కేసు అతని మీద ఉంది. తాను చేయని దొంగతనానికి పోలీసులు వేధిస్తున్నారని, తమకు ఆదుకునేవాళ్ళు లేరని ఆ కుటుంబం సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పెట్టింది. ఆ వీడియో బయటపడ్డాకే ఒక సీఐని, ఒక హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. వాళ్ళకు త్వరగానే బెయిలు దొరికింది. స్టేషన్ రికార్డులో ఎక్కని మాట చనిపోయేవాళ్ళ ఫోన్‌లో రికార్డు కావాల్సి రావడం ఈ మొత్తం ప్రశ్నకు ఎంతో నొప్పి కలిగించే నిదర్శనం. 2017లో కర్నూలులో ఒక పాఠశాల హాస్టల్‌లో చనిపోయిన సుగాలి బాలిక తల్లిదండ్రుల అనుభవం మరో దారిలో అక్కడికే చేరుతుంది. అత్యాచారం చేసి చంపారన్నది వాళ్ళ ఫిర్యాదు. దర్యాప్తు మీద నమ్మకం పోయి ఏళ్ళ తరబడి నిరసనలు చేస్తే 2020లో రాష్ట్ర ప్రభుత్వం కేసును సీబీఐకి సిఫార్సు చేసింది. ఆ తర్వాత కూడా ఏళ్ళు గడిచాయి.

పలుకుబడి లేనివాళ్ళకే ఈ గతి అనుకోవడానికి వీల్లేదని వై.ఎస్. వివేకానందరెడ్డి కేసు చూపిస్తుంది. మాజీ మంత్రి, మాజీ ఎంపీ అయిన ఆయన 2019 మార్చి 15న పులివెందులలోని సొంత ఇంట్లో హత్యకు గురయ్యారు. ఉదయం తొలి వార్త గుండెపోటనే వచ్చింది. సిట్‌లు మారాయి, ప్రభుత్వం మారింది. 2020లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. కడప జిల్లాలో విచారణ న్యాయంగా జరుగుతుందన్న నమ్మకం లేదని ఆయన కుమార్తె సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2022 నవంబరు 29న విచారణను హైదరాబాద్ సీబీఐ కోర్టుకు బదిలీ చేశారు. ముఖ్యమంత్రులను ఇచ్చిన కుటుంబంలోని ఆడబిడ్డ తండ్రి హత్యపై సొంత జిల్లాలో న్యాయం మీద భరోసా లేక ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. సిరివెళ్ళ కూలీకో, చక్రాయపేట రైతుకో ఆ దారి మొదటి మజిలీ ఖర్చు కూడా అందదు.

ఎర్రచందనం కేసుల్లో అసమానతకు ఇంకో ముఖం ఉంది. శేషాచలం అడవుల్లో దుంగలు నరికేది ఎక్కువగా తమిళనాడు కొండ ఊళ్ళ కూలీలు. 2015 ఏప్రిల్ 7న చిత్తూరు జిల్లా వైపు టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. 2018 ఫిబ్రవరిలో ఒంటిమిట్ట చెరువులో ఐదుగురు తమిళ కూలీల శవాలు తేలాయి. దుంగను ఓడెక్కించి కోట్లు గడించేవాళ్ళూ కొందరు పట్టుబడ్డారు. వాళ్ళు కోర్టుకు లాయర్లతో వచ్చారు, కూలీ మాత్రం అడవిలోనే తుపాకీకి ఎదురుపడ్డాడు.

భాష గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆదోని, ఆలూరు వైపు కన్నడం, కర్నూలు, కడప పాత బస్తీల్లో ఉర్దూ ఇంటి భాష. ఫిర్యాదు తెలుగులో రైటరు మాటల్లో పడుతుంది. చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్న నియమం ఉంది గానీ, వినిపించిన భాష ఫిర్యాదుదారుకు అర్థమయ్యేదేనా అని అడిగేవాళ్ళు లేరు. ఆడవాళ్ళ విషయంలో 2019లో గ్రామ సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించడం ఒక మెట్టు. ఊళ్ళో మనిషి ఊళ్ళోనే దొరుకుతుంది. కేసు కట్టే అధికారం మాత్రం స్టేషన్‌లోనే ఉంది.

పోలీసుల వైపు నుంచి చూడకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఎస్సై పోస్టింగు, సీఐ పోస్టింగు స్థానిక నాయకుడి సిఫార్సుతో వస్తుందన్నది ఈ జిల్లాల్లో దాచే మాట కాదు. సిఫార్సుతో వచ్చిన అధికారి ఫోను ఎత్తకుండా ఎలా ఉంటాడు? ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు దీనికే మందు చెప్పింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ళ పదవీకాలం, దర్యాప్తును బందోబస్తు నుంచి విడదీయడం, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయి ప్రాధికార సంస్థలు. ఇవి అమలైతే నిజాయితీ గల ఎస్సైకి మొదటి రక్షణ దొరుకుతుంది. మనసులోని చూపు మారడం ఇంకా కష్టం. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో దేశవ్యాప్తంగా పోలీసులను అడిగిన సర్వేలో, ముస్లింలకు సహజంగా నేరాల వైపు మొగ్గు ఎంతో కొంత ఉంటుందని దాదాపు సగం మంది అన్నారు. బ్రిటన్‌లో 1999 నాటి మాక్‌ఫర్సన్ నివేదిక ఇలాంటి చూపును ఒక్కో అధికారి దోషంగా వదిలేయలేదు, సంస్థ లోపంగా పేరు పెట్టి చూపించింది. అక్కడ దారిన పోయేవాణ్ణి ఆపి సోదా చేస్తే, ఎందుకు ఆపారో రాసిన కాగితాన్ని అడిగి తీసుకునే హక్కు అతనికుంది. మన చోట అరెస్టు మెమో, బంధువుకు సమాచారం, 48 గంటలకోసారి వైద్య పరీక్ష డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఉన్నాయి. స్టేషన్‌కు ‘ఊరికే’ పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టిన మనిషి పేరు మాత్రం ఏ కాగితమూ ఎక్కదు. ఎక్కువ దెబ్బలు పడేది ఆ గంటల్లోనే.

స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో ఫిర్యాదు పంపవచ్చు, సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోవచ్చు, నాగరిక సురక్షా సంహిత 175వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. స్టేషన్ గదులన్నిటా, లాకప్‌లోనూ మాటలు వినిపించే కెమెరాలు పెట్టి 18 నెలల పాటు, కనీసం ఏడాదైనా దృశ్యాలు భద్రపరచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ దృశ్యాలు అడిగే హక్కు బాధితుడికి ఉందని చాలామందికి తెలియదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త 2021 నుంచి కర్నూలులోనే ఉన్నాయి. సీమ మనిషికి బస్సు ఛార్జీతో అందే ఎత్తున పై గడప కనిపించడం అరుదుగా జరిగిన మేలు. హైకోర్టు మాత్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన అమరావతిలో ఉంది. 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి నలిగిన ఈ దూరం సంగతిపై, కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని శాసనసభ 2024 నవంబరులో తీర్మానం చేసింది. బెంచి వస్తే స్టేషన్‌లో అక్రమంగా ఉంచిన కొడుకు కోసం హెబియస్ కార్పస్ వేయాలనుకున్న ఆదోని తల్లి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు.